అప్‌డేట్: బ్లాక్‌జాక్ మెషీన్‌ను కార్డ్ కౌంటింగ్‌తో గెలవొచ్చా?

బ్లాక్‌జాక్ (21 దాటకుండా డీలర్ కన్నా ఎక్కువ తెచ్చుకోవాల్సిన క్యాసినో పేకాట) బాగా వచ్చినవాళ్లు, ఏ ముక్కలు పడ్డాయో, ఏవి మిగిలాయో లెక్కపెట్టి (కార్డ్ కౌంటింగ్) ఎలక్ట్రానిక్ మెషీన్ మీద దీర్ఘకాలంలో లాభం తీయగలరా అని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్. మీరు చెప్పినట్టే మెషీన్లలో రూల్స్ స్క్రీన్ తెరిచి ఓపిగ్గా చదివాను.

చాలావాటిలో దారి మూసుకుపోయినట్టే. ప్రతి రౌండ్‌కీ ముందు సాఫ్ట్‌వేర్ పేక మొత్తాన్ని మళ్లీ కలిపేస్తుంది. ఇప్పుడే చిన్న ముక్కలు బోలెడు పడి, మనకు కలిసొచ్చే పెద్దవి ఎక్కువగా మిగిలినా, తర్వాతి రౌండ్‌కి అవన్నీ తిరిగి పేకలోకి వచ్చేస్తాయి. ఇక లెక్కపెట్టి ఏం లాభం?

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మాత్రం చెల్లింపు. బ్లాక్‌జాక్ (మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది విలువున్న ముక్క) పడితే 10 పందేనికి 3:2 లెక్కన 15 రావాలి. 6:5 మెషీన్ 12 ఇస్తుంది, కొన్నయితే 10తో సరిపెడతాయి. బ్లాక్‌జాక్ సుమారు 21 రౌండ్లకు ఒకసారి పడుతుంది కాబట్టి, ఒక్క 6:5 వల్లే క్యాసినో వాటా (పందేల్లో సగటున దానికి మిగిలేది) దాదాపు 1.4 శాతం పెరుగుతుంది. మంచి రూల్స్ ఉన్నచోట బేసిక్ స్ట్రాటజీ (ఏ ముక్కలకు ఏం చేయాలో చెప్పే లెక్క) ఆ వాటాను అర శాతం దగ్గరికి దించుతుంది. అంత కష్టపడి నేర్చుకున్నదంతా ఈ ఒక్క రూల్ మింగేస్తుంది, ఇది అన్యాయం అనిపిస్తుంది నాకు.

ఆశ ఉన్నది ఒక్కచోటే: నిజం డీలర్ నిజం ముక్కలు పంచుతుంటే మనం స్క్రీన్ మీద పందెం కాసే రకం. అక్కడ కౌంటింగ్ పనిచేయగలదు. కానీ 8 డెక్కుల షూని (ముక్కలు పంచే పెట్టెని) సగంలోనే కలిపేస్తే పెద్దగా ఏమీ మిగలదు. అలాంటివి ఆడినవాళ్లుంటే, కట్ కార్డ్ (ఎక్కడ ఆపి మళ్లీ కలపాలో చూపే కార్డు) ఎక్కడ పెడుతున్నారో చెప్పండి.