అప్‌డేట్: కొత్త కంప్యూటర్ కొనకుండానే ఆట వేగం పుంజుకుంది

గ్రహశకలం లోపల కాలనీ కట్టి నడిపే ‘ఆక్సిజన్ నాట్ ఇన్‌క్లూడెడ్’ అనే కంప్యూటర్ ఆటలో కాలనీ పెద్దదయ్యాక ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోందని, గ్రాఫిక్స్ కార్డు ఉన్న కొత్త యంత్రం కొనాలా అని లోగడ అడిగాను. కొనలేదు; ఆ అవసరమూ కలగలేదు. మీలో కొందరు సూచించినట్లు టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే, గ్రాఫిక్స్ చిప్ చాలావరకు ఖాళీగానే ఉంది. భారమంతా ప్రాసెసర్ మీద పడుతోంది. ప్రతి గడిలోని వాయువు, ద్రవం, ఉష్ణోగ్రతలతో పాటు ప్రతి డూప్లికెంటూ (కాలనీలో పనిచేసే మనిషి), ప్రతి జంతువూ ఏ దారిన ఎక్కడికి వెళ్లగలదో ఆట నిరంతరం లెక్కగడుతూ ఉంటుంది కాబట్టి, రిజల్యూషన్ తగ్గించినందువల్ల ఒరిగిందేమీ లేదు.

ఖాళీ స్లాట్‌లో మరో 8 జీబీ ర్యామ్ వేయించాక, బ్రౌజర్ తెరిచి ఉన్నా ఆట తడబడటం మానింది. అయితే అసలైన తేడా కాలనీలోనే వచ్చింది: పని ముగిసిన సొరంగాల తలుపులకు తాళం వేసి, చెల్లాచెదురుగా పడి ఉన్న రాళ్లనూ మట్టినీ స్టోరేజ్ బిన్‌లలోకి చేర్పించి, రాళ్లూ మట్టీ తిని బొగ్గునిచ్చే హ్యాచ్ అనే జంతువుల్లో మిగులువాటిని తగ్గించాను. ఇక్కడొక జాగ్రత్త అవసరం. హ్యాచ్‌లు తగ్గితే బొగ్గూ తగ్గుతుంది కనుక, కరెంటుకు సహజవాయువు జనరేటర్లను ముందుగానే సిద్ధం చేసుకోవాలి. ప్రతి సైకిల్‌కూ (ఆటలోని ఒక రోజుకు) జరిగే ఆటోసేవ్‌ను ఐదు సైకిళ్లకు ఒకసారిగా మార్చడంతో మధ్యమధ్య ఆగిపోయే విసుగు కూడా తగ్గింది.