ఆటోడై ఒక్కటి పెడితే చాలా, ప్రతి లైనుకీ ఆర్ డై రాయాలా?

కావలి_చెరువు:
రొయ్యల కాంటా చీటీల సీఎస్‌వీలు చదివి, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కి డంప్ (కాపీ ఫైలు) తీసి, నెల్లూరు సర్వర్‌కి ఆర్‌సింక్ (ఫైళ్లు పంపే కమాండ్) చేసే పెర్ల్ స్క్రిప్టు ఇది. రాత్రిపూట క్రాన్‌లో, అంటే టైముకి దానంతటదే నడుస్తుంది. పని చెడితే స్క్రిప్టుని దానంతటదే ఆపే మాడ్యూల్ ఆటోడై; అదే పని చేత్తో లైను లైనుకీ రాస్తే ఆర్ డై. పైన 'యూజ్ ఆటోడై' అని ఉంటే చాలు, ప్రతి ఓపెన్ పక్కనా ఆర్ డై రాయడం దండగ అంటాను. కాదనేవాళ్లు కారణం చెప్పండన్నా.

ఒంగోలు_గిత్త:
సగమే నిజం అబ్బయా. ఆటోడై 5.10.1 నుంచి పెర్ల్‌తోనే వస్తుండాది. ఓపెన్, క్లోజ్, అన్‌లింక్, రీనేమ్ చూసుకుంటది. బయటి కమాండ్లు నడిపే సిస్టమ్‌ని మాత్రం ముట్టుకోదు. దానికి ':ఆల్' అని విడిగా అడగాలి, ఐపీసీ::సిస్టమ్::సింపుల్ అనే మాడ్యూల్‌ని సీపాన్ (పెర్ల్ మాడ్యూళ్లు దొరికే చోటు) నుంచి తెచ్చుకోవాలి. నీ స్క్రిప్టులో డంప్, ఆర్‌సింక్ రెండూ సిస్టమ్ మీదే నడుస్తుండాయి, కాపలా లేనిదీ అక్కడే. కమాండ్ నడిపి దాని అవుట్‌పుట్ తెచ్చే బ్యాక్‌టిక్స్, ఫైల్లోకి రాసే ప్రింట్ కూడా ఆటోడై లెక్కలోకి రావు.

పెన్నా_గట్టు:
అయితే ':ఆల్' పెట్టుకుంటే సరిపాయె గదా! చేత్తో రాసేవాటిలో తప్పులు ఇంకా ఎక్కువ. కమాండ్ సరిగ్గా నడిస్తే సిస్టమ్ 0 ఇస్తది. 'సిస్టమ్(...) ఆర్ డై' అని రాస్తే పని అయినప్పుడే స్క్రిప్టు ఆగిపోద్ది, పని చెడితే ముందుకు పోద్ది. '== 0 ఆర్ డై' అని ఉండాలి. ఓపెన్‌కి బ్రాకెట్లు లేకుండా || రాస్తే అది ఫైలు పేరుకి అతుక్కుంటది, డై దాకా రానే రాదు. రెండూ సింటాక్స్ తప్పులు కావు, సింటాక్స్ మాత్రమే చూసే 'పెర్ల్ -సీ' పట్టుకోదు.

ఒంగోలు_గిత్త:
':ఆల్' కింద కమాండ్ తిరిగిచ్చే అంకె సున్నా కాకపోతే చావే. మాటలు వెతికే గ్రెప్‌కి ఏమీ దొరక్కపోతే 1, ఫైళ్లు పోల్చే డిఫ్‌కి తేడా కనపడితే 1, ఆర్‌సింక్ నడుస్తుండగా ఫైళ్లు మాయమైతే 24. వీటికి స్క్రిప్టు ఆగాల్సిన పని లేదు. అదే ఐపీసీ మాడ్యూల్లోని సిస్టమెక్స్‌కి మొదట [0, 24] ఇచ్చి కమాండ్ రాస్తే ఆ రెండూ ఒప్పుకుంటది. అది లేకుంటే కమాండ్ ఫలితం దాచే $? ని వరసగా విడదీయాల్సిందే. -1 అయితే కమాండ్ మొదలే కాలేదు, కారణం చెప్పే $! చూడాల్సింది అప్పుడే. తర్వాత $? & 127 సున్నా కాకపోతే కమాండ్‌ని సిగ్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ పంపే సంకేతం) చంపింది, 9 అయితే మెమరీ చాలిందో లేదో చూడు. కమాండ్ ఇచ్చిన అసలు అంకె $? >> 8, అది ఆఖర్న. వరస తప్పితే -1 కాస్తా 64 బిట్ మెషీన్ లాగ్‌లో 72057594037927935 అయి కూర్చుంటది.

చీమకుర్తి_బ్లాక్:
ఇద్దరూ పైపు (ఒక కమాండ్ అవుట్‌పుట్‌ని ఇంకోదానికి అందించేది) సంగతి వదిలేశారు. డంప్‌ని కుదించే జీజిప్‌లోకి పంపే లైను ఒకే స్ట్రింగ్‌గా ఇస్తే షెల్ చివరి కమాండ్ ఫలితమే చెప్తుంది. పాస్‌వర్డ్ తప్పై డంప్ పడిపోయినా జీజిప్‌ది 0. మిగిలేది 20 బైట్ల ఖాళీ ఫైలు, ఆర్‌సింక్ దాన్నే నెల్లూరు చేరుస్తుంది. ఆటోడై, ఆర్ డై రెండూ ఇక్కడ గుడ్డివే. బాష్ షెల్‌తో నడిపించి 'సెట్ -ఓ పైప్‌ఫెయిల్' పెట్టండి, అప్పుడు పైపులో ఏది పడిపోయినా తెలుస్తుంది. ఫైలు ముందు తాత్కాలిక పేరుతో రాసి, చివర్లో 'డంప్ కంప్లీటెడ్' లైను ఉందని చూశాకే రీనేమ్ చేయండి.

కావలి_చెరువు:
మరి డిస్కు నిండితే? ప్రింట్‌ని ఎవరూ చూడట్లేదు కదన్నా.

పెన్నా_గట్టు:
చిన్న ప్రింట్లు డిస్కుకి పోకముందు బఫర్‌లో (మెమరీలో) పడి ఉంటాయి, తప్పు క్లోజ్ దగ్గర బయటపడుద్ది. ఆటోడై దాన్ని పట్టుకుంటది, కానీ క్లోజ్ నువ్వు రాయాలి. ఆ బ్లాకు అయిపోయి ఫైలు హ్యాండిల్ దానంతటదే మూసుకుంటే డై కాదు. లినక్స్‌లో ఎప్పుడూ డిస్కు నిండిందనే చెప్పే /డెవ్/ఫుల్‌ని ఫైలుగా ఇచ్చి క్లోజ్ ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి నడిపి చూడు.