అప్‌డేట్: అమ్మ పోయి ఏడాది దాటినా కోలుకోలేకపోవడం, చివరికి ఏం తేలిందంటే

అమ్మ పోయి 14 నెలలైనా నిద్ర పట్టడం లేదు, వంటింట్లోకి వెళ్తే గుండె దడ, ఇది మామూలు దుఃఖమేనా, డాక్టర్‌కు చూపించుకోవాలా అని మార్చిలో అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

నాకు పనికొచ్చింది టెలి మానస్, అంటే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, నంబరు 14416. రాత్రి రెండింటికి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, డబ్బులేమీ లేవు. "ఎన్నాళ్లయిందన్నది ఒక్కటే కాదమ్మా, రోజూ చేసుకునే పనులు ఆగిపోయాయా?" అని అడిగారు. ఆగిపోయాయి. పాప స్కూలు క్యారేజీ కూడా మా ఆయనే సర్దుతున్నారు. సిగ్గనిపించి ఆ సంగతి అప్పుడు ఇక్కడ రాయలేదు. అసలు రాయాల్సింది అదే.

తర్వాత సైకియాట్రిస్టును కలిశాను. దుఃఖంతో పాటు డిప్రెషన్ కూడా ఉందన్నారు. మాత్రల గుణం తెలియడానికి మూడు వారాలు పట్టింది. మొదట్లో వికారంగా ఉంటే మానేద్దామనుకున్నాను, డాక్టర్‌ను అడిగి కొనసాగించాను. వారానికోసారి కౌన్సెలింగ్‌లో అమ్మ గురించి మాట్లాడటమే నాకు ఎక్కువ మేలు చేసింది.

రక్త పరీక్షల్లో థైరాయిడ్, విటమిన్ బి12 నార్మల్. వంటింట్లో దడ వల్ల ఇల్లు మారే అవసరం కూడా రాలేదు.

నిన్న అమ్మ చేసినట్టే గోంగూర పచ్చడి రోట్లో నూరాను. ఏడుపొచ్చింది, కానీ కడుపునిండా తిన్నాను.