జిబూటీలో ఇన్ని దేశాల సైన్యాలు ఉన్నాయి, అక్కడ చివరికి ఎవరి మాట చెల్లుతోంది?

కళింగతీరం అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. గ్రూప్-1కు చదువుతున్న మా తమ్ముడితో కలిసి మొన్న ఎర్రసముద్రం పటం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎర్రసముద్రం దక్షిణాన ఏడెన్ సింధుశాఖలో కలిసే చోట బాబ్ ఎల్ మందెబ్ జలసంధి ఉంది. ఇరుకైన చోట దాని వెడల్పు సుమారు 30 కిలోమీటర్లే అయినా, ఆసియాకూ ఐరోపాకూ మధ్య సూయెజ్ మీదుగా తిరిగే ప్రతి ఓడా ఆ సందులోంచే పోవాలి. దాని ఆఫ్రికా గట్టున ఉన్న జిబూటీ విస్తీర్ణంలో మన పాత అనంతపురం జిల్లా కంటే కాస్త పెద్దది, జనాభా 10 లక్షల పైచిలుకు. అంత చిన్న దేశంలో అమెరికా, ఫ్రాన్స్, జపాన్, ఇటలీ, చైనా సైనిక స్థావరాలు పెట్టుకున్నాయి. అమెరికా శిబిరానికీ చైనా స్థావరానికీ మధ్య దూరం పది పన్నెండు కిలోమీటర్లు.

"ఒకరంటే ఒకరికి పడనివాళ్ళు ఒకే ఇంట్లో పక్క పక్క వాటాల్లో అద్దెకున్నట్టుంది, మరి ఇంటాయన ఎవరి మాట వింటాడు?" అని మా తమ్ముడు అడిగాడు. నేను చదివిన వ్యాసాలన్నీ అమెరికా వెనకబడిందా, చైనా ముందుకు వచ్చిందా అన్న దగ్గరే ఆగిపోతున్నాయి కాబట్టి వాడికి సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఇంటాయన సంగతి తెలిసినవారు వివరిస్తారా? ఈ పోటీలో మన దేశం ఎక్కడ నిలబడి ఉందో కూడా తెలుసుకోవాలని ఉంది.

పాతపటాలు ఇచ్చిన జవాబు:

కళింగతీరం గారూ, మీ తమ్ముడు అడిగిందే అసలు ప్రశ్న. ఆ తీరంలో పెద్ద దేశాల పలుకుబడికి ఎప్పుడూ ఒక గడువు ఉంటూ వచ్చింది, ఆ గడువు ఎప్పుడు తీరుతుందన్నది చాలాసార్లు స్థానిక పాలకుల చేతిలోనే ఉంది.

ఆవిరి ఓడలకు దారిలో బొగ్గు నింపుకునే చోటు కావాలి కనుక బ్రిటిష్ వారు 1839లో నేటి యెమెన్ తీరంలోని ఏడెన్‌ను పట్టుకున్నారు. ఎదురు గట్టున ఉన్న ఓబోక్ లంగరు రేవును ఫ్రెంచి వారు 1862లో అక్కడి అఫార్ తెగ పెద్దల దగ్గర కొన్నారు. సూయెజ్ కాలువ తెరుచుకున్న 1869లోనే ఒక ఇటలీ ఓడల కంపెనీ నేటి ఎరిట్రియాలోని అస్సాబ్ దగ్గర నేల బేరమాడింది. ఇంత చిన్న తీరాన్ని మూడు ఐరోపా రాజ్యాలు పంచుకోవడం వెనుక ఉన్నది ఆ నేల మీద పండే పంట కాదు, ఆ నేల ఎదురుగా నడిచే ఓడలు.

అయితే నా దృష్టిలో ఆ ప్రాంతాన్ని అర్థం చేసుకోవడానికి 1977ను మించిన సంవత్సరం లేదు. అప్పటికి సోమాలియా సోవియట్ యూనియన్ వైపు, ఇథియోపియా అమెరికా వైపు ఉండేవి. 1974లో సోమాలియాతో మైత్రీ ఒప్పందం చేసుకున్న సోవియట్లు బెర్బెరా రేవును తమ నౌకాదళానికి వాడుకున్నారు, దాని పక్కనే నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవున్న రన్‌వే వేశారు. అమెరికా అప్పట్లో ఇథియోపియాలో ఉన్న అస్మారా నగరంలోని కాగ్న్యూ కేంద్రం నుంచి రేడియో సంకేతాలను వింటూ ఉండేది. 1974లోనే ఇథియోపియా చక్రవర్తి హైలీ సెలాసీని సైనికాధికారులు దించేశారు, వారు మాస్కో వైపు మొగ్గారు. తన ఇద్దరు మిత్రులనూ ఒకే కప్పు కింద ఉంచుకోవచ్చునని మాస్కో ఆశపడింది గానీ, సోమాలియా నాయకుడు సియాద్ బర్రే 1977 జూలైలో ఇథియోపియాలోని ఒగాడెన్ ప్రాంతం మీదికి సైన్యాన్ని నడిపాడు. సోవియట్లు ఇథియోపియా పక్షం వహించగానే, నవంబరులో వారి సలహాదారులందరినీ దేశం నుంచి వెళ్ళగొట్టాడు. ఆ తరువాత సోవియట్ విమానాలు ఆయుధాలను, క్యూబా పదివేలకు పైగా సైనికులను ఇథియోపియాకు చేర్చాయి. 1978 మార్చికి సోమాలియా సైన్యం వెనక్కి మళ్ళింది. కొన్ని నెలల్లో రెండు అగ్రరాజ్యాలూ అటుది ఇటు, ఇటుది అటు అయ్యాయి.

బెర్బెరా రన్‌వేను ఒక్కసారి ఊహించండి. సోవియట్లు వేసిన ఆ రన్‌వేనూ రేవునూ వాడుకోవడానికి 1980లో అమెరికా ఒప్పందం చేసుకుంది. తరువాత సోమాలియా చితికిపోయి, ఆ ఊరు సోమాలియా నుంచి విడిపోయానని ప్రకటించుకున్న సోమాలీలాండ్ అధీనంలోకి వచ్చాక, 2017లో సైనిక స్థావరం కోసం ఆ విమానాశ్రయాన్ని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ తీసుకుంది. నేల అదే, అద్దెకున్నవారు మారారు.

జిబూటీ దశ తిరిగింది ఇంకో యుద్ధంతో. 1993లో ఎరిట్రియా విడిపోవడంతో ఇథియోపియా తీరం లేని దేశమైంది. 1998లో ఆ రెండింటి మధ్య యుద్ధం వచ్చి అస్సాబ్ దారి మూసుకుపోగానే ఇథియోపియా సరుకంతా జిబూటీ మీదికి మళ్ళింది. 1999 నుంచి అధ్యక్షుడిగా ఉన్న ఇస్మాయిల్ ఒమర్ గెల్లే ఆ అవకాశాన్ని గట్టిగా పట్టుకున్నాడు. 2001 సెప్టెంబరు దాడుల తరువాత అమెరికాకు పాత ఫ్రెంచి శిబిరమైన క్యాంప్ లెమోనియేను ఇచ్చాడు, 2011లో జపాన్‌కు, ఆ తరువాత ఇటలీకి చోటిచ్చాడు. 2014లో అమెరికా అద్దెను ఏడాదికి 6 కోట్ల డాలర్ల పైకి పెంచాడు, 2017 ఆగస్టు 1న చైనాకూ తలుపు తీశాడు. కాబట్టి మీ తమ్ముడికి నా సమాధానం ఇది: ఇంటాయన అందరి మాటా వింటాడు, అద్దె పత్రం మాత్రం తన దగ్గరే ఉంచుకుంటాడు.

లెడ్జరు ఇచ్చిన జవాబు:

పాతపటాలు గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు, కానీ అద్దె పత్రం ఇంటాయన దగ్గరే ఉందన్న మాటతో ఏకీభవించలేను. జిబూటీ రేవులోని దోరాలే కంటెయినర్ టెర్మినల్ కథే చూడండి. 2006లో దాన్ని దుబాయికి చెందిన డీపీ వరల్డ్ సంస్థకు నడుపుకునే హక్కు ఇచ్చే ఒప్పందం మీద అప్పగించారు. 2013లో రేవు కంపెనీలో 23.5 శాతం వాటాను చైనా మర్చంట్స్ సంస్థ కొనుక్కుంది. 2018 ఫిబ్రవరిలో జిబూటీ ప్రభుత్వం ఆ టెర్మినల్‌ను దుబాయి సంస్థ చేతిలోంచి లాగేసుకుంది. లండన్ మధ్యవర్తులు ఆ సంస్థకు అనుకూలంగా తీర్పులు ఇచ్చినా టెర్మినల్ తిరిగి రాలేదు. ఇది ఇంటాయన ధైర్యంలాగే కనిపిస్తుంది, నిజమే. కానీ దుబాయి సంస్థ ఊరికే కూర్చోలేదు, బెర్బెరా రేవును అభివృద్ధి చేసి పోటీకి నిలబెట్టింది. ఇథియోపియా సరుకులో కొంత అటు పోయినా జిబూటీకి గుండె గుభేలుమంటుంది, ఎందుకంటే ఇథియోపియా వ్యాపారమే ఆ రేవుకు ఊపిరి.

రెండోది అప్పు. అడిస్ అబాబా నుంచి జిబూటీ దాకా దాదాపు 750 కిలోమీటర్ల విద్యుత్ రైలు మార్గాన్ని ఎక్కువగా చైనా అప్పుతోనే వేశారు, 2018 జనవరిలో వాణిజ్య రవాణా మొదలైంది. అదే ఏడు ఇథియోపియా తన వాటా అప్పు తీర్చే గడువును పదేళ్ళ నుంచి ముప్ఫై ఏళ్ళకు పొడిగించమని బతిమాలుకుని ఒప్పించుకోవలసి వచ్చింది. జిబూటీ విదేశీ అప్పులోనూ అతి పెద్ద భాగం చైనాదే. అద్దె తీసుకునేవాడే అద్దెకున్నవాడికి బాకీ ఉంటే, ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో మన ఊళ్ళలో ఎవరినడిగినా చెబుతారు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఇన్ని స్థావరాల అద్దె వస్తున్నా, జిబూటీ నగరం అంచున ఉన్న బల్బలా వాడల్లో యువకులకు పని దొరకడం లేదు. ఇంటాయన అంటే మనం ప్రభుత్వాన్నే లెక్కలోకి తీసుకుంటున్నాం, ఆ ఇంట్లో ఉన్న మిగతావారిని మరిచిపోతున్నాం. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

ఇంజన్‌గది ఇచ్చిన జవాబు:

నేను శ్రీకాకుళం జిల్లావాడిని, సరుకు ఓడల మీద సెకండ్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. రాజకీయాలు పెద్దలు చెప్పారు, ఆ సందులోంచి పోయేటప్పుడు ఎలా ఉంటుందో మాత్రం నేను చెప్పగలను.

సముద్రపు దొంగల భయం ఉన్న రోజుల్లో ఏడెన్ సింధుశాఖలోకి అడుగుపెట్టే ముందే ఓడ చుట్టూ రేజర్ తీగ చుట్టేవాళ్ళం, నీటి గొట్టాలను బయటి వైపుకు బిగించేవాళ్ళం, ఇంజన్ గదిలో రాత్రీ పగలూ మనిషి ఉండేవాడు. 2023 నవంబరులో యెమెన్‌లోని సాయుధ వర్గమైన హౌతీలు గెలాక్సీ లీడర్ ఓడను పట్టుకున్న తరువాత ఆ జాగ్రత్తలు ఎందుకూ పనికిరాకుండా పోయాయి, ఎందుకంటే క్షిపణికి తీగ అడ్డం కాదు. 2024 మొదట్లో ఆ దారిన వెళ్ళినప్పుడు నన్ను బ్రిడ్జి మీదికి, అంటే ఓడను నడిపే గదిలోకి, పిలిచారు. తెర మీద చుట్టుపక్కల ఓడల పేర్లు కనిపిస్తున్నాయి. మామూలుగా గమ్యం పేరు, అంటే సింగపూర్ అనో రోటర్‌డ్యామ్ అనో, రాసే చోట ఒక ఓడ "సిబ్బంది అందరూ చైనావారు" అని రాసుకుంది, ఇంకొకటి "ఇజ్రాయెల్‌తో సంబంధం లేదు" అని రాసుకుంది. రష్యా, చైనా ఓడల జోలికి రామని హౌతీ నాయకులు బహిరంగంగా చెప్పిన రోజులవి. అగ్రరాజ్యాల పలుకుబడి అన్న మాటను నేను కళ్ళారా చూసింది ఆ తెర మీదనే. అయినా ఆ మార్చిలో చైనా యాజమాన్యంలోని హువాంగ్ పు అనే ట్యాంకరుకూ క్షిపణి తగిలింది. అదే నెలలో ట్రూ కాన్ఫిడెన్స్ మీద జరిగిన దాడిలో ముగ్గురు నావికులు చనిపోయారు, వారిలో ఇద్దరు ఫిలిప్పీన్స్‌వారు, ఒకరు వియత్నాంవారు. ఈ పోటీలో ఉన్న ఏ పెద్ద దేశపు పౌరులూ కారు వారు.

మన దేశం గురించి అడిగారు. 2024 జనవరి 26న మార్లిన్ లువాండా అనే నాఫ్తా ట్యాంకరుకు మంటలు అంటుకున్నప్పుడు అందులో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీయుడు ఉన్నారు. సాయానికి వెళ్ళింది మన ఐఎన్ఎస్ విశాఖపట్నం. నాఫ్తా ఎంత త్వరగా అంటుకుంటుందో తెలిసినవాడిగా చెబుతున్నాను, మన నౌకాదళం వారు ఆ ఓడ మీదికి ఎక్కి మంటలతో పోరాడడం మాటలు కాదు. ఆ రాత్రి మా మెస్‌లో ఆ వార్త విని ఎవరూ అన్నం ముట్టలేదు.

పాతపటాలు మళ్ళీ రాసినది:

ఇంజన్‌గది గారికి కృతజ్ఞతలు. లెడ్జరు గారూ, అప్పు విషయంలో మీ మాట సరైనదే. నా అద్దె పోలికలో ఆ భాగం లోపించింది, ఒప్పుకుంటున్నాను.

మన దేశం సంగతికి ఒకటి కలుపుతాను. భారత్‌కు జిబూటీలో స్థావరం లేదు. అయినా 2015లో యెమెన్ యుద్ధం మొదలైనప్పుడు ఆపరేషన్ రాహత్ నడిచింది అక్కడి నుంచే. ఐఎన్ఎస్ సుమిత్ర ఏడెన్ నుంచి సుమారు 350 మందిని జిబూటీకి చేర్చింది, అక్కడి నుంచి వాయుసేన సీ-17 విమానాలు వారిని స్వదేశానికి తెచ్చాయి. మొత్తం మీద 4,600 మందికి పైగా భారతీయులు బయటపడ్డారు. 2018లో ఫ్రాన్స్‌తో కుదిరిన పరస్పర వసతుల ఒప్పందం వల్ల ఫ్రెంచి స్థావరాలను మన నౌకలు వాడుకునే వీలు కలిగింది. పలుకుబడికి సొంత జెండా తప్పనిసరి కాదని నేను అనుకోవడానికి ఇదొక కారణం.

కళింగతీరం:

అందరికీ ధన్యవాదాలు. ఇవన్నీ మా తమ్ముడికి చదివి వినిపించాను, వాడు 1977 భాగాన్ని నోట్సులో రాసుకున్నాడు. ఇంజన్‌గది గారూ, ఒక్క మాట అడుగుతాను. ఇప్పుడు మీరు ఆ దారిన వెళ్తున్నారా, ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్తున్నారా?

ఇంజన్‌గది:

కిందటి రెండు కాంట్రాక్టులూ గుడ్‌హోప్ అగ్రం చుట్టూ తిరిగినవే. ఆ దారిన పది రోజులకు పైగా అదనం, అలలు ఎక్కువ, ఇంధనం ఖర్చు ఎక్కువ, కానీ ఇంట్లో అమ్మ నిద్రపోతుంది. వచ్చే నెల ఎక్కవలసిన ఓడ సూయెజ్ మీదుగా పోవచ్చునని ఏజెంటు ఫోను చేశాడు. సంతకం ఇంకా చేయలేదు.