తమ్ముడు యూట్యూబ్ గురువు కాల్స్ చూసి ఆప్షన్లు కొంటున్నాడు, ఎలా ఆపాలి?

రాజోలు_అక్క: బీటెక్ అయ్యాక మా తమ్ముడు నా దగ్గరే ఉండి ఉద్యోగం చూసుకుంటున్నాడు. ఒక యూట్యూబర్ టెలిగ్రామ్ గ్రూపులో చేరి, ఆయన కాల్స్ ఇస్తే (ఏ ఆప్షన్ ఏ రేటుకు కొనాలో చెప్పే సందేశాలు) అవే కొంటున్నాడు. ఆప్షన్ అంటే సూచీ పెరుగుతుందా తగ్గుతుందా అన్నదాని మీద కొనే, గడువున్న కాంట్రాక్టు. మంగళవారం నిఫ్టీ ఎక్స్‌పైరీ (ఆప్షన్ల గడువు ముగిసే రోజు) అంటే అన్నం కూడా సరిగ్గా తినడు. "ఆయనకు రోజూ లాభమే, నాకెందుకు రాదు" అంటాడు. ఏం చెప్తే అర్థమవుతుంది? నిజంగా నేర్పే కోర్సు ఏదైనా ఉందా?

శ్రీను_వరంగల్: అక్కా, గ్రూపులో కాల్ పడిన నిమిషం, ఆ నిమిషంలో చార్టులో రేటు, రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి. నేనున్న గ్రూపులో "80 దగ్గర కొనండి" అని వచ్చేది. తెరిచి ఆర్డర్ కొట్టేసరికి 94. 100 కాగానే "టార్గెట్ కొట్టేసింది" అని స్క్రీన్‌షాట్. ఆయనకు 20 రూపాయలు, మనకు 6. అందులోంచే బ్రోకరేజీ, ఎస్‌టీటీ (ట్రేడింగ్ మీద ప్రభుత్వ పన్ను) పోవాలి. అదే పడిపోతే ఆయనకంటే 14 రూపాయలు ఎక్కువ పోయేది మనకే.

ఎక్స్‌పైరీ_కింగ్: ఊరికే భయపెట్టకండి. స్టాప్‌లాస్ (రేటు ఒక హద్దుకి పడగానే అమ్మేసే ఆర్డర్) పెట్టుకుంటే ఎవరి కాల్ అయినా ఏం కాదు. నేను ఏళ్లుగా ఆప్షన్లు చేస్తున్నా. డిసిప్లిన్ లేనివాళ్లే ఏడుస్తారు.

చార్ట్_సుబ్బు: ఏ స్టాప్‌లాస్ బ్రో? ఎన్‌ఎస్‌ఈ ఆప్షన్లలో ఎస్‌ఎల్-మార్కెట్ ఆర్డర్ (ఎంత రేటు వస్తే అంతకు అమ్మేసే స్టాప్‌లాస్) 2021 సెప్టెంబర్‌లోనే తీసేశారు. ఉన్నది ఎస్‌ఎల్-లిమిట్, అంటే ట్రిగ్గర్ రేటు తాకగానే ఆర్డర్ వెళ్తుంది కానీ లిమిట్ కంటే తక్కువకు అమ్మదు. ట్రిగ్గర్ 60, లిమిట్ 58 పెట్టావనుకో. ఎక్స్‌పైరీ మధ్యాహ్నం రేటు 61 నుంచి ఒక్కసారిగా 52కి దూకితే ట్రిగ్గర్ అవుతుంది కానీ అమ్ముడుపోదు. ఆర్డర్ 58 దగ్గరే వేలాడుతుంటే ప్రీమియం (ఆప్షన్ రేటు) 20కి జారిపోతుంది.

ఎక్స్‌పైరీ_కింగ్: 60కి 50 లిమిట్ పెట్టాలి. ఈ మాత్రం తెలియకుండా మార్కెట్లోకి ఎందుకొస్తారు?

చార్ట్_సుబ్బు: ఆ ముక్క ఏ గురువు చెప్తున్నాడు? "ఎస్‌ఎల్ 60" అని రాసి వదిలేస్తాడు. అక్క అడిగింది కొత్తవాళ్ల గురించి. నీ గొప్పలు ఇంకెక్కడైనా చెప్పుకో.

ఎక్స్‌పైరీ_కింగ్: గొప్పలు కాదు, అనుభవం. చేతకాకపోతే మార్కెట్‌ని తిట్టకండి.

పద్మజ_గుంటూరు: ఇద్దరూ కాస్త ఆగండి. మా వారు ఒకాయన వీడియో చూసి అచ్చం అలాగే స్ట్రాడిల్ అమ్మారు, అంటే ఒకే స్ట్రైక్ (ముందే ఖాయమైన ధర) దగ్గర పెరిగితే విలువ పెరిగే కాల్ ఆప్షన్, తగ్గితే విలువ పెరిగే పుట్ ఆప్షన్ రెండూ. వీడియోలో కనిపించింది రెండు అమ్మకాలే. దూరపు స్ట్రైకుల్లో ఆయన కొనిపెట్టుకున్న హెడ్జ్ (నష్టానికి హద్దు వేసే ఆప్షన్లు) చూపించలేదు. మా ఖాతాలో మార్జిన్‌కి (బ్రోకర్ దగ్గర ఉంచాల్సిన హామీ సొమ్ము) సరిపడా డబ్బే ఉంది. మార్కెట్ ఒకవైపు పరుగెత్తగానే మార్జిన్ చాలక బ్రోకరే పొజిషన్లు కోసేశాడు. సాయంత్రానికి మార్కెట్ వెనక్కి వచ్చింది. హెడ్జ్ ఉంది కాబట్టి ఆయన అప్పటిదాకా ఆగి లాభంతో బయటపడ్డాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టయింది మా పని. బంగారం మీద తెచ్చిన అప్పుకి ఇంకా వడ్డీ కడుతున్నాం. అదే ట్రేడ్ అయినా అందరికీ ఒకటే ఫలితం రాదని మీ తమ్ముడికి చెప్పండమ్మా.

సీఏ_మూర్తి: పద్మజ గారూ, ఆ నష్టం రిటర్నులో చూపించారా? పన్ను లెక్కలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్లు) నష్టం స్పెక్యులేటివ్ (ఊహాబేరం) కాని వ్యాపార నష్టం. గడువులోగా ఐటీఆర్-3 (వ్యాపార ఆదాయం ఉన్నవాళ్ల రిటర్ను ఫారం) వేస్తే 8 ఏళ్ల దాకా వ్యాపార లాభాల్లో సర్దుకోవచ్చు. జీతంలో మాత్రం సర్దడం కుదరదు.

శ్రీను_వరంగల్: మూర్తి గారూ, రిటర్నులో చూపే ఎఫ్ అండ్ ఓ టర్నోవర్ (మొత్తం వ్యాపారం) ఎలా లెక్కేయాలి? ప్రతి ఏడాదీ ఇదే టెన్షన్.

సీఏ_మూర్తి: ఒక్కో ట్రేడ్‌లో లాభమైనా నష్టమైనా మైనస్ గుర్తు చూడకుండా కలపండి.

డేటా_నాని: అసలు విషయానికి రండి. సెబీ (మార్కెట్ నియంత్రణ సంస్థ) 2024 సెప్టెంబర్ అధ్యయనం ప్రకారం మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ చేసిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. మొత్తం 1.8 లక్షల కోట్లకు పైనే. "బాప్ ఆఫ్ చార్ట్" పేరుతో ట్రేడింగ్ కోర్సులు అమ్మిన యూట్యూబర్ మీద 2023 అక్టోబర్‌లో వచ్చిన సెబీ ఉత్తర్వు కూడా తమ్ముడి చేత చదివించండి. లాభాలు గ్యారంటీ అన్నట్టు చెప్పి కోర్సులు అమ్మారు, సొంత ట్రేడింగ్‌లో మాత్రం కోట్లలో నష్టం. కోర్సుల పేరుతో వసూలైన 17.2 కోట్లు జమ చేయమంది సెబీ.

ఎక్స్‌పైరీ_కింగ్: మిగతా 7 శాతంలో నేనున్నా.

డేటా_నాని: ఖర్చులు పోగా లక్ష దాటి మిగిలింది 1 శాతానికే. దాంట్లో ఉంటే పీ అండ్ ఎల్ (లాభనష్టాల లెక్క) పెట్టండి. స్క్రీన్‌షాట్ వద్దు, బ్రోకర్ ఇచ్చే ట్యాక్స్ రిపోర్ట్ పెట్టండి.

రాజోలు_అక్క: ఆ గురువు సెబీ రిజిస్టర్డ్ అంటూ ఐఎన్‌హెచ్ నంబర్ (రీసెర్చ్ అనలిస్టులకు సెబీ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్) పెట్టాడు. సెబీ సైట్‌లో వెతికితే ఆ నంబర్ మీద వేరే ఊరి కంపెనీ పేరు వస్తోంది. తమ్ముడు చూసి కాసేపు మాట్లాడలేదు. ఫీజు ఒక వ్యక్తి యూపీఐకి కట్టాడట.

చార్ట్_సుబ్బు: అక్కా, ఇక ఆలస్యం చేయకండి. చాట్, నంబర్, చెల్లింపు రసీదు అన్నీ ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసుకోండి, గ్రూపు డిలీట్ చేసేస్తారు. తీశాక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సెబీకి కూడా రాయండి, ఆ నంబర్ అసలు ఓనర్లకూ చెప్పండి.