అప్‌డేట్: ఏడో తరగతి భిన్నాలు, ఉపాధ్యాయుడిగా నా మొదటి సంవత్సరం

2024 డీఎస్సీలో ఎంపికై జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చేరిన కొత్తలో, పిల్లలు 1/2 + 1/3 = 2/5 అని రాస్తున్నారని, ఎన్నిసార్లు చెప్పినా మారడం లేదని మిమ్మల్ని అడిగాను. మీలో ఒకరు సూచించినట్లు, తప్పు దిద్దేముందు ‘ఇలా ఎందుకు రాశావు?’ అని అడగడం మొదలుపెట్టాక, లవాన్నీ హారాన్నీ వారు రెండు వేర్వేరు సంఖ్యలుగా చూస్తున్నారని, నా వివరణ ఆ అపోహను తాకనే లేదని అర్థమైంది. కాగితాలు మడిచి, రెండు భిన్నాలనూ ఆరో వంతుల్లోకి మార్చి చూపినప్పుడు, తమ జవాబు 1/2 కన్నా చిన్నదని గమనించి వారే నవ్వుకున్నారు. బి.ఎడ్.లో నేను రాసిన పాఠ్య ప్రణాళికల్లో (మార్కులు బాగానే వచ్చాయి లెండి) పిల్లల తప్పులకు చోటే లేదు. ఇప్పుడు రోజూ ఆ తప్పులనే డైరీలో రాసుకుంటున్నాను. తరగతి నిశ్శబ్దంగా ఉంటే పాఠం అర్థమైందనుకునే అలవాటు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.