పాత టర్కీ సీరియళ్ళ గొప్పదనం నిడివిలో ఉందా, వీధిలో ఉందా?

మల్లెపందిరి:
‘పాత టర్కీ సీరియళ్ళే బాగుండేవి’ అని అందరం అంటాం, ఎందుకో మాత్రం తేల్చం. నేనైతే నిడివి అంటాను. టర్కీ ప్రభుత్వ ప్రసార సంస్థ టీఆర్‌టీ ఒక్కటే ఉన్న రోజుల్లో, 1986–88 మధ్య వచ్చిన ‘పెరిహాన్ అబ్లా’ ఎపిసోడ్ గంట లోపే అయిపోయేది. ఇప్పుడు వారానికో ఎపిసోడ్, అదీ రెండు గంటలు దాటి. ‘ఆష్క్-ఇ మెమ్ను’నే చూడండి. ‘కూడని ప్రేమ’ అని అర్థం, హాలిత్ జియా ఉషాక్లిగిల్ నవల అది. 1975లో దర్శకుడు హాలిత్ రెఫీ టీఆర్‌టీ కోసం 6 భాగాల్లో ముగించారు. 2008–10లో కనాల్ డీ ఛానెల్‌లో అదే కథకి 79 ఎపిసోడ్లు పట్టాయి. కథ పెరగలేదు, సాగింది.

కృష్ణ ఒడ్డు:
మల్లెపందిరి గారూ, మీరు ఎంచుకున్న ఉదాహరణే మీ వాదనకి అడ్డం వస్తోంది. ఇవాళ జనం తలుచుకుని బెంగపడేది 1975 నాటి 6 భాగాల గురించి కాదు. బెరెన్ సాత్, కివాంచ్ తత్లితుగ్ నటించిన 79 ఎపిసోడ్ల గురించే. వాటిలో ఒక్కో ఎపిసోడ్ గంటన్నరకి అటూ ఇటూ ఉంటుంది. పొడుగే లోపమైతే దాన్ని ఇంతమంది మళ్ళీ మళ్ళీ చూడరు.

నిడివి ఎందుకు పెరిగిందో కూడా చూడాలి. 1990లో టర్కీలో స్టార్ అనే ఛానెల్ రావడంతో ప్రైవేటు ఛానెళ్ళు మొదలయ్యాయి, ప్రకటనల పోటీ పెరిగింది. 2011 నాటి 6112 నంబరు ప్రసార చట్టం ప్రకారం గంటకి 12 నిమిషాలకి మించి ప్రకటనలు వేయకూడదు. తారలున్న ఖరీదైన సీరియల్ ఒక్క గంటే నడిస్తే ఆ 12 నిమిషాలతో ఖర్చు రాదు. రెండో గంటకి మరో సీరియల్ తీయడం కంటే ఉన్నదాన్నే పొడిగించడం చవక. అందుకే రాత్రి 8కి పాత ఎపిసోడ్ సారాంశం, దాని వెనకే కొత్త ఎపిసోడ్, చూస్తూ చూస్తూ అర్ధరాత్రి.

అలాగని తప్పంతా చట్టానిదీ కాదు. అది రాకముందే, 2010 చివర్లో, రచయితలు, నటులు, సాంకేతిక సిబ్బంది ‘యెర్లి దిజి యెర్సిజ్ ఉజున్’ అంటూ రోడ్డెక్కారు. ‘మన సీరియల్ అనవసరంగా పొడుగు’ అని దానర్థం. అంటే మనం స్వర్ణయుగం అనుకునే రోజుల్లోనే ఈ జబ్బు ఉంది.

ఎర్రమందారం:
మీరిద్దరూ గడియారం చూస్తున్నారు. పోయింది నిడివి కాదండీ, వీధి. టర్కిష్‌లో ‘మహల్లె’ అంటారు, మన ‘పేట’ లాంటిది.

‘పెరిహాన్ అబ్లా’ అంటే ‘పెరిహాన్ అక్క’. తీసింది ఇస్తాంబుల్ ఆసియా ఒడ్డున ఉస్కుదార్‌లోని కుజ్‌గున్‌జుక్‌లో. బాస్ఫరస్ నుంచి పైకి ఎక్కే ఇరుకు వాలు వీధులు, రంగుల చెక్క ఇళ్ళు. అక్కడ ఆర్మేనియన్ చర్చి, మసీదు గోడా గోడా ఆనుకుని ఉంటాయి. ఇలాంటి చోట ఇరుగుపొరుగు కథకి సెట్ అక్కర్లేదు. ఇప్పుడక్కడ ఒక వీధికి ఆ సీరియల్ పేరే ఉంది. ‘సూపర్ బాబా’ (1993–97) చెంగెల్‌కోయ్‌లో, ‘ఇకింజి బహార్’ (1998–2001) సమత్యలో తీశారు, అవీ ఇస్తాంబుల్ పేటలే. ఆ రెండోదాంట్లో షెనెర్ షెన్ కబాబుల ఉస్తా (చేయి తిరిగిన వంటవాడు), తుర్కాన్ షొరాయ్ కథానాయిక. యౌవనం దాటిన ఇద్దరి మధ్య ప్రేమ కథ అది. అంతటి సినిమా తారలు ఒక కబాబు అంగడి చుట్టూ తిరిగే కథకి ఒప్పుకున్నారంటే ఆ రాతలో బలం ఎంతుందో చూడండి.

ఇక ‘బిజిమ్‌కిలెర్’ 1989 నుంచి 2002 దాకా నడిచింది. ఒకే అపార్ట్‌మెంట్, మెట్ల మీద వాచ్‌మన్ జాఫెర్, నిర్వహణ చూసే సబ్రి బే, పై అంతస్తుల గొడవలు. కథ తిప్పడానికి విలన్ లేడు. నీళ్ళు, చందా, మెట్లు తుడవడం, ఇవే సమస్యలు. పదమూడేళ్ళు నడిచిందంటే నిడివికీ నాణ్యతకీ లంకె లేనట్టే.

ఆ తర్వాత కొండ మీది భవంతి వచ్చింది, తీరాన ‘యాలి’ అనే మేడ వచ్చింది. 2002–03లో ‘అస్మలి కొనాక్’ కపడోకియా ప్రాంతంలోని ఉర్గుప్‌లో తీసేసరికి జనం ఆ ఇల్లు చూడ్డానికి అక్కడికి బస్సులేసుకుని వెళ్ళారు. పేట పోయి పెద్దిల్లు రావడమే అసలు మార్పు.

మల్లెపందిరి:
పేట విషయం ఒప్పుకుంటున్నాను. అయినా నిడివిని వదలను. ‘యాప్రాక్ డొక్యుము’ పెద్దింటి కథ కాదు. రిటైరైన ఉద్యోగి అలీ రిజా బే, చేతికందకుండా ఆకుల్లా రాలిపోతున్న పిల్లలు. రెషాత్ నూరి గుంతెకిన్ 1930లో రాసిన చిన్న నవల. అది 2006–10లో 174 ఎపిసోడ్లయింది.

ఎలా సాగదీస్తారో దగ్గర్నుంచి చూద్దాం. టర్కిష్ ప్రేక్షకులు దీన్ని ‘బకిష్మా’ అంటారు, చూపుల సన్నివేశం. కూతురు ఒక నిజం చెబుతుంది. కెమెరా తండ్రి ముఖం మీద ఐదు సెకన్లు, తల్లి మీద ఐదు, మళ్ళీ తండ్రి మీద, తలుపు దగ్గర నిలబడ్డ కోడలి మీద, చివరికి కిటికీ బయట. వెనక సంగీత దర్శకుడు తొయ్‌గార్ ఇషిక్లి వయొలిన్లు. మొత్తం అర నిమిషం, కొత్త సమాచారం ఒక్క వాక్యం. ఎపిసోడ్‌లో ఇలాంటివి నలభై ఉంటే ఇరవై నిమిషాలు అక్కడే నిండాయి. వారంలో వంద పేజీలు దాటి రాయలేని రచయితకీ, రెండు యూనిట్లతో పరిగెత్తే దర్శకుడికీ ఇదే దారి. ఆ దారి పట్టించింది నిడివే కదా?

లిపి:
ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మనం తలుచుకుంటున్నది ఏ రూపాన్ని? 2015లో జిందగీ ఛానెల్ హిందీ డబ్బింగ్‌తో వేసిన ‘ఫత్మాగుల్’ చూసినవాళ్ళకి అది రోజూ వచ్చే సీరియల్. టర్కీలో అది వారానికొకసారి, 2010–12 మధ్య 80 ఎపిసోడ్లుగా వచ్చింది. ఎగుమతికి వెళ్ళేటప్పుడు ఒక్కో పెద్ద ఎపిసోడ్‌ని రెండు మూడు ముక్కలు చేస్తారు. ‘గ్యుముష్’ టర్కీలో 100 ఎపిసోడ్లైతే, 2008లో అరబ్బు ఛానెల్ ఎంబీసీలో ‘నూర్’ పేరుతో సిరియా అరబీ యాసలో వచ్చినప్పుడు 154. వారం రోజులు ఉగ్గబట్టి చూడాల్సిన ముగింపు, ముక్కల్లో ఎక్కడో మధ్యలో పడిపోతుంది. కొత్త ముక్క చివర మామూలు మాటల దగ్గర తెగుతుంది. ‘కథలో పట్టు లేదు’ అనే చాలామంది ఫిర్యాదుకి కారణం ఈ కోతే.

రెండోది భాష. టర్కిష్‌లో ‘సెన్’, ‘సిజ్’ అచ్చం మన నువ్వు, మీరు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో ఆ తేడా చెరిగిపోతుంది. ‘ఆష్క్-ఇ మెమ్ను’లో కథానాయకుడు బెహ్లుల్‌కి బాబాయి భార్య బిహ్తెర్ ‘యెంగె’ అవుతుంది. బాబాయి భార్యనీ, అన్న భార్యనీ ఇద్దర్నీ అలాగే పిలుస్తారు. ఇక్కడ పిన్ని వరస. ఆ ఒక్క పిలుపు వినిపిస్తే ఆ ప్రేమ ఎంత కూడనిదో తెలుగువాళ్ళకి వేరే వివరణ అక్కర్లేదు. సబ్‌టైటిల్‌లో ఉట్టి పేరే కనిపిస్తే సగం బరువు పోయినట్టే. టర్కిష్ రాకపోయినా సరే, అసలు గొంతులతోనే చూడమంటాను.

కృష్ణ ఒడ్డు:
లిపి గారు చెప్పింది అక్షరాలా నిజం. అసలు రూపం చూడదలిచినవాళ్ళకి కొన్ని జాగ్రత్తలు.

వెతికేటప్పుడు సీరియల్ పేరు పక్కన ‘బొల్యుమ్’ అనే మాట టర్కిష్ స్పెల్లింగులోనే వేయండి, అది ఎపిసోడ్. ‘ఓజెత్’ అంటే సారాంశం, ‘ఫ్రాగ్మాన్’ అంటే ట్రైలర్, అవి వదిలేయండి. ‘సెజోన్ ఫినాలి’ సీజన్ ముగింపు మాత్రమే. కథ ముగింపుకి ‘సోన్ బొల్యుమ్’ అనో ‘ఫినాల్’ అనో ఉంటుంది. ఇవి కలగలిపితే ముగింపు ముందే తెలిసిపోతుంది.

‘ఆష్క్-ఇ మెమ్ను’ జాబితాలో 79 కంటే చాలా ఎక్కువ ఎపిసోడ్లు కనిపిస్తే అది ముక్కల రూపం. ఒక్కోటి 45 నిమిషాలుంటే అనుమానమే అక్కర్లేదు.

తొంభైలవి అయితే చిత్రం వెడల్పు, ఎత్తు 4:3 నిష్పత్తిలో ఉండాలి. వెడల్పు తెర నింపడానికి 16:9కి కోస్తే పైనా కిందా కలిపి పావు వంతు పోతుంది. 576 గీతల్లో మిగిలేది 432. తలలు నుదుటి దగ్గర తెగుతాయి, బల్ల మీది టీ గ్లాసులు కనిపించవు. పక్కల నల్లపట్టీలున్న రూపమే సరైనది.

కదిలే చేతుల అంచుల్లో దువ్వెన పళ్ళలాంటి గీతలు వస్తే అది ఇంటర్‌లేస్ (చిత్రాన్ని ఒక గీత విడిచి ఒక గీతగా పంపే పాత పద్ధతి) సమస్య. మీ దగ్గరున్నది పాత ప్రసారం రికార్డు ఫైలైతే వీఎల్‌సీ ప్లేయర్‌లో వీడియో మెనూలో డీఇంటర్‌లేస్ ఆన్ చేసి, ‘యాడిఫ్ 2ఎక్స్’ ఎంచుకోండి, పోతాయి. ఎక్కించేటప్పుడే ఆ గీతలు చిత్రంలో కలిసిపోయి ఉంటే ఏం చేసినా పోవు, వేరే కాపీ వెతుక్కోవాల్సిందే.

ఎర్రమందారం:
ఈ 4:3 సంగతి నా వాదనకే బలం. ‘బిజిమ్‌కిలెర్’ లాంటి అపార్ట్‌మెంట్ కథలో పై మెట్టు మీద ఒకరు, కింది మెట్టు మీద ఒకరు నిలబడి మాట్లాడుకుంటారు. పైనా కిందా కోస్తే ఇద్దరిలో ఒకరు మాయం. పేటని కాపాడాలంటే ముందు ఫ్రేమ్‌ని కాపాడాలి.

మల్లెపందిరి గారూ, ఒక పని చేద్దాం. 1975 నాటి 6 భాగాలూ, 2008 నాటి మొదటి 6 ఎపిసోడ్లూ వరసగా చూసి, బిహ్తెర్ మనసు ఏ సన్నివేశంలో మారిందో రాసుకుందాం. 1975లో బిహ్తెర్‌గా నటించిన ముజ్దె ఆర్ ఒక్క చూపులో చెప్పింది బెరెన్ సాత్‌కి ఎన్ని చూపులు పట్టిందో లెక్క తేలుతుంది.

మల్లెపందిరి:
సరే. ఆదివారం నుంచి మొదలుపెడదాం. ‘బిజిమ్‌కిలెర్’ వచ్చిన వారం అదే కదా.